కనిపించని గాయం: ఖరగ్‌పూర్ కార్మికుడు, నష్టపరిహారం

ఖరగ్‌పూర్ పట్టణాన్ని చిన్న భారతదేశమని పేర్కొనడం పరిపాటి. సభావేదికల మీద వినివిని ఈ మాట అరిగిపోయినా, అది అసత్యం కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ పంతొమ్మిదవ శతాబ్ది చివరి సంవత్సరాలలో మిదునాపూర్ జిల్లాలోని ఎర్రమట్టి నేల మీద ఈ జంక్షనును నిర్మించింది. దాని సరసనే పెద్ద కార్ఖానా వెలసింది. నాటి నుండి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం, గంజాం ప్రాంతాల తెలుగువారు రైలు వెంబడే అక్కడికి తరలిపోయి, మూడు నాలుగు తరాలుగా స్థిరపడ్డారు. 1927లో ఈ రైల్వే కార్మికులు సాగించిన సమ్మెతో వి.వి. గిరి పేరు ముడిపడి ఉన్నది. ఆయనే 1969లో రాష్ట్రపతి పదవిని అలంకరించారు. 1944లో ప్రభుత్వం కంపెనీ నుండి రైల్వేను స్వీకరించింది. 1955 ఆగస్టు 1న ఆగ్నేయ రైల్వే ఏర్పడింది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగును ఆ రాష్ట్ర అధికార భాషల జాబితాలో చేర్చడానికి ఆమోదం తెలిపినపుడు, అందుకు హేతువైనది ముఖ్యంగా ఖరగ్‌పూర్ తెలుగువారే.

ఇదంతా సుపరిచితమైన చరిత్ర. అంతగా చర్చకు రాని విషయం మరొకటి ఉన్నది. రైల్వే కార్మికునికి పని ఇచ్చేది ప్రభుత్వం. అతడు నివసించే క్వార్టరు ప్రభుత్వానిది. జబ్బుపడితే చేర్చుకునే ఆసుపత్రి ప్రభుత్వానిది. అతడు కోలుకున్నాడో లేదో నిర్ణయించి 'ఫిట్' సర్టిఫికెట్టు ఇచ్చే వైద్యుడూ ప్రభుత్వోద్యోగే. సైనికుని పరిస్థితి కూడా ఇటువంటిదే. పక్కనే కలైకుండాలో వైమానిక స్థావరం ఉన్నందున ఈ పోలిక ఖరగ్‌పూర్ వాసులకు కొత్త కాదు. ఇటువంటి వ్యవస్థలో, ప్రభుత్వం సమకూర్చిన శస్త్రచికిత్స వల్లనే నరం దెబ్బతింటే ఎవరిని అడగాలి? ఏ చట్టం క్రింద అడగాలి? ఎంతకాలంలోగా అడగాలి?

కార్ఖానాలో పనిచేసే ఒక తెలుగు ఫిట్టరును ఊహించుకోండి. పెట్టె క్రింద వంగి బోల్టు బిగిస్తుండగా నడుము పట్టివేస్తుంది. వెన్నుపూసల మధ్యనున్న డిస్కు జారినట్లు పరీక్షలలో తేలుతుంది. ఆపరేషన్ జరుగుతుంది. కుట్లు మానిపోతాయి, నడుము నొప్పి కూడా తగ్గుతుంది. కాని ఎడమ పాదం పైకి లేవదు. నడుస్తుంటే వేళ్లు నేలను గీసుకుంటూ పోతాయి. చెప్పు కాలి నుండి జారిపోయినా తెలియదు. ఈ ఫిట్టరు కల్పితుడే గాని, అతని పాదానికి కలిగిన స్థితి కల్పితం కాదు. వెన్ను శస్త్రచికిత్సల అనంతరం అరుదుగానైనా ఇది సంభవిస్తుందని వైద్యగ్రంథాలు చెబుతూనే ఉన్నాయి. తుంటికీలు మార్పిడిలో సయాటిక్ నరానికి, ఆపరేషన్ బల్ల మీద చేతిని గంటల తరబడి ఒకే భంగిమలో ఉంచినపుడు మోచేతి వద్ద ఉండే అల్నార్ నరానికి ఇటువంటి హానియే కలుగవచ్చును.

నరానికి తగిలే దెబ్బలను ఆంగ్ల శస్త్రవైద్యుడు హెర్బర్ట్ సెడన్ 1943లో మూడు తరగతులుగా విభజించాడు. మొదటి దానిలో నరం తాత్కాలికంగా స్తంభించిపోతుంది. కొన్ని వారాలకో నెలలకో తేరుకుంటుంది. రెండవ దానిలో లోపలి తంతువులు తెగుతాయి గాని పైపొర నిలిచి ఉంటుంది; ఆ పొరను ఆధారం చేసుకొని తంతువు మెల్లగా తిరిగి పెరుగుతుంది. మూడవ దానిలో నరం పూర్తిగా తెగిపోతుంది. కలిపి కుట్టకపోతే అతుక్కునే ఆశ లేదు. చిక్కేమిటంటే, తొలి దినాలలో ఈ మూడూ పైకి ఒకే తీరుగా కనిపిస్తాయి. పాదం లేవకపోవడం ఒక్కటే కళ్లకు తెలుస్తుంది. కండరాలలోని విద్యుత్ స్పందనను కొలిచే పరీక్ష ఉన్నది గాని, నరం తెగిన సూచన అందులో కనబడటానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఆపరేషన్ జరిగిన మూడవ నాడే పరీక్ష చేయించి 'లోపమేమీ లేదు' అని వ్రాసిన కాగితం కార్మికునికి మేలు కంటే కీడే ఎక్కువ చేయగలదు. మూడేళ్ల తరువాత ఫైలు తెరిచినవారికి కనబడేది ఆ మొదటి కాగితమే.

దీనికి తోడు భాష సమస్య. నరం దెబ్బతిన్నవాడు తన బాధను చెప్పుకొనడానికి తెలుగులో ఎన్ని మాటలు ఉన్నాయో గమనించండి. తిమ్మిరి వేరు, మంట వేరు. చీమలు పాకినట్లుండటం వేరు, సూదులతో గుచ్చినట్లుండటం వేరు. జివ్వుమని లాగడం ఒకటి, మొద్దుబారడం మరొకటి. వైద్యునికి ఈ భేదాలన్నీ రోగనిర్ణయానికి ఆధారాలే. మంట, జివ్వుమనడం నరం చికాకు పడుతున్నదనే సంగతిని సూచిస్తే, మొద్దుబారడం అది వార్త మోయడం మానేసిందనే సంగతిని సూచిస్తుంది. బెంగాలీలోనూ ఇటువంటి మాటలు లేకపోలేదు. తిమ్మిరికి వారు 'ఝిన్‌ఝిన్' అంటారు, హిందీవారు 'ఝున్‌ఝునీ' అంటారు. ధ్వనిలో ఈ రెండూ అన్నదమ్ములే. కాని రోగి తెలుగులో చెప్పిన మాట, సగం హిందీలోనూ సగం బెంగాలీలోనూ అనువాదమై, కేసు షీటు మీదికి వచ్చేసరికి 'కాలు నొప్పి' అన్న రెండే పదాలుగా మిగిలిపోవచ్చు. నొప్పి తగ్గినదా అని వైద్యుడు అడుగుతాడు. తగ్గిందనే అతడు చెబుతాడు, ఎందుకంటే మొద్దుబారిన కాలికి నొప్పి ఉండదు. తగ్గినట్లు నమోదవుతుంది. అదే వార్డులో తెలుగు తెలిసిన ఆయా ఒకతె నిలబడి, "మావయ్యా, మంటగా ఉందా, మొద్దుగా ఉందా? సరిగ్గా చెప్పు" అని అడిగి ఆ జవాబును వైద్యునికి అందజేస్తే, కేసు గతే మారిపోవచ్చును. జాతీయ సమైక్యత అనే పెద్దమాటకు వార్డులో ఉండే రూపం ఇది.

ఇక చట్టం సంగతి. పనిలో గాయపడిన కార్మికునికి పరిహారం చెల్లించవలసిన బాధ్యతను యజమాని మీద మోపిన చట్టం 1923లో వచ్చి 1924 జులై నుండి అమలయింది. యజమాని తప్పు ఉన్నదా లేదా అని అది అడగలేదు. ప్రమాదం పనిలో, పని కారణంగా జరిగితే చాలునన్నది. 2025 నవంబరు 21న సామాజిక భద్రతా స్మృతి అమలులోకి వచ్చేవరకు, నూరేళ్లకు పైగా కార్మికుని ప్రధాన ఆధారం అదే. ఆ చట్టానికి జతచేసిన షెడ్యూలులో ఏ అవయవం పోతే ఆర్జనశక్తి ఎంత శాతం తగ్గినట్లో అంకెలతో సహా వ్రాసి ఉండేది. బొటనవేలు పోతే 30, చూపుడువేలు మొత్తం పోతే 14, చెయ్యి పోతే 60. తెగిన వేలికి అంకె ఉన్నది. వేలు చేతికి అంటిపెట్టుకొని ఉండి, పట్టు కొంత తగ్గి, స్పర్శ మందగించి ఉంటే ఆ పట్టికలో దానికి గడి లేదు. షెడ్యూలులో లేని గాయానికి ఆర్జనశక్తి ఎంత తగ్గినదో అర్హుడైన వైద్యుడు అంచనా వేయాలని చట్టం చెప్పింది. అంటే నరం దెబ్బతిన్న కార్మికుని భవిష్యత్తు మొత్తం ఒక వైద్యుని అంచనా మీద ఆధారపడి ఉంటుంది.

ఈ అంచనాలో రెండు వేర్వేరు లెక్కలు తరచు కలగాపులగం అవుతుంటాయి. శరీరానికి కలిగిన వైకల్యం ఎంత శాతమన్నది ఒకటి. ఆ మనిషి చేసే వృత్తిలో సంపాదన ఎంత తగ్గిందన్నది రెండవది. 1968లో ఒరిస్సాలో ఒక సినిమాహాలులో అలంకరణ పని చేస్తూ పడిపోయిన వడ్రంగికి ఎడమచేయి మోచేతి దగ్గర నుండి తీసివేయవలసి వచ్చింది. ఒంటిచేత్తో వడ్రంగం సాగదు గనుక అతని ఆర్జనశక్తి నూటికి నూరు పాళ్లూ పోయినట్లేనని సుప్రీంకోర్టు 1975లో తీర్పు చెప్పింది. పాదం లేవని గుమాస్తా కుర్చీలో కూర్చొని పని చేసుకోగలడు. పాదం లేవని ఫిట్టరు గుంటలోకి దిగలేడు, పెట్టె ఎక్కలేడు. ఇద్దరి సర్టిఫికెట్టు మీదా ఒకే శాతం ఉండవచ్చును; ఇద్దరి నష్టం ఒకటి కాదు.

అన్నిటికంటే కఠినమైనది కాలం లెక్క. తెగిన తంతువు దినానికి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. నడుము నుండి పాదానికి దూరం ఎంత లేదన్నా తొమ్మిది వందల మిల్లీమీటర్లు. అంటే తొమ్మిది వందల రోజులు, దాదాపు రెండున్నర సంవత్సరాలు. ఈలోగా సంకేతం అందని కండరం కృశించిపోతూ ఉంటుంది. ఏడాదీ ఏడాదిన్నర గడిచిన పిమ్మట నరం చేరినా కండరం పూర్తిగా పలకకపోవచ్చును. అందుచేత వైద్యుడు 'వేచి చూడు' అంటాడు. అది వంచన కాదు, వైద్యధర్మమే. మరి చట్టం? 1923 నాటి చట్టం దరఖాస్తుకు రెండేళ్లు గడువు ఇచ్చింది. వినియోగదారుల రక్షణ చట్టం కూడా, 1986 నాటిది గాని 2019 నాటిది గాని, ఫిర్యాదుకు రెండేళ్లే ఇచ్చింది. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని క్షమించే అవకాశం ఉన్నమాట నిజమే. నరానికి రెండున్నర, న్యాయానికి రెండు. వైద్యుని మాట మన్నించి ఓపికగా ఎదురుచూసినవాడే గడువు దాటినవాడవుతాడు. ఈ వైరుధ్యాన్ని ఏ శాసనకర్తా కోరి కల్పించి ఉండడు. కాని ఉన్నది.

ఇదే ప్రశ్న అమెరికాలో ఎట్లా తేలినదో తెలుసుకొనడం ప్రయోజనకరం. కొరియా యుద్ధంలో పనిచేసిన ఒక మాజీ సైనికునికి 1986లో అక్కడి మాజీ సైనికుల ప్రభుత్వ ఆసుపత్రిలో డిస్కు ఆపరేషన్ జరిగింది. డిస్కు జారడానికీ అతని సైనిక సేవకూ సంబంధం లేదు. ఆపరేషన్ తరువాత ఎడమ పిక్కలో, చీలమండలో, పాదంలో నొప్పి, బలహీనత మొదలైనాయని అతడు పరిహారం కోరాడు. ప్రభుత్వ చికిత్స వల్ల హాని కలిగితే, యుద్ధంలో గాయపడినట్లే భావించి భత్యం ఇవ్వాలన్న నిబంధన అక్కడ 1924 నుండీ ఉన్నది. కాని ఆసుపత్రి తప్పు రుజువైతేనే ఇస్తామని శాఖవారు తమ నియమావళిలో చేర్చుకొని, దానినే అరవై ఏళ్లు అనుసరించారు. 1994 డిసెంబరు 12న అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ నియమాన్ని కొట్టివేసింది. చట్టంలో 'తప్పు' అన్న మాటే లేనపుడు శాఖవారు దానిని ఎక్కడి నుండి తెచ్చారని అడిగింది. అయితే ఆ విజయం ఎక్కువకాలం నిలువలేదు. 1996లో అక్కడి పార్లమెంటు చట్టాన్నే సవరించింది. 1997 అక్టోబరు తరువాత పెట్టుకున్న దరఖాస్తులలో నిర్లక్ష్యమో, ముందుగా ఊహించరాని పరిణామమో ఉన్నదని చూపవలసి వచ్చింది. 'ఊహించరాని పరిణామం' అన్న ఆ రెండవ ద్వారం మాత్రం గమనార్హం. వైద్యునిపై నింద మోపకుండానే రోగికి న్యాయం చేసే మార్గం అది.

భారతదేశంలో అటువంటి ద్వారం లేదు. ఇక్కడ శస్త్రచికిత్స వికటించినవాడు నిర్లక్ష్యాన్ని నిరూపించవలసిందే. ప్రతి దుష్ఫలితమూ నిర్లక్ష్యం కాదని న్యాయస్థానాలు పలుమార్లు హెచ్చరించాయి, అది సబబే. శ్రద్ధగా చేసిన ఆపరేషన్‌లోనూ నరం దెబ్బతినవచ్చును. కాని రైల్వే ఆసుపత్రిలో వైద్యం ఉచితం, ఉచితంగా పొందిన దానికి ఫిర్యాదు ఏమిటి అన్న వాదన మాత్రం నిలువలేదు. ఉద్యోగ నిబంధనలలో భాగంగా యజమాని భరించే వైద్యం ఉచిత సేవ కాదని 1995 నవంబరులో సుప్రీంకోర్టు ఒక ప్రధాన తీర్పులో స్పష్టం చేసింది. మధ్య రైల్వే ఉద్యోగి ఒకరు తన భార్యకు రైల్వే ఆసుపత్రిలో జరిగిన చికిత్స గురించి చేసిన ఫిర్యాదులో, ఆ ఆసుపత్రి ఉద్యోగుల సేవా నిబంధనలలో భాగమేనని, అతడు వినియోగదారుడేనని అదే న్యాయస్థానం నిర్ణయించింది. ఈ తీర్పు 2007 నాటి న్యాయ నివేదికలలో ప్రచురితమైనది. రైల్వే ఆసుపత్రి గడప తొక్కే ప్రతి కుటుంబానికీ ఇది తెలిసి ఉండవలసిన తీర్పు. కార్మికుడు ఆసుపత్రిలో పొందేది దయ కాదు. జీతంలో ఒక భాగమే వైద్యరూపంలో అందుతున్నది.

నరాలకు కలిగిన హాని విషయంలో దేశం మొత్తానికి మార్గదర్శకమైన కేసు తెలుగునేల నుండే వెళ్లింది. 1990 అక్టోబరులో హైదరాబాదు నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో ఇరవై ఏళ్ల ఇంజనీరింగు విద్యార్థికి ఛాతీలోని కణితికి శస్త్రచికిత్స జరిగింది. లేచేసరికి నడుము క్రింది భాగం చచ్చుబడింది. పరీక్ష కోసం కణితిని తీసి చూడటానికి ఇచ్చిన సమ్మతి, పూర్తి శస్త్రచికిత్సకు చెల్లుతుందా? వెన్నుపామునకు అంత దగ్గరగా ఉన్న కణితికి నాడీ శస్త్రవైద్యుడు లేకుండా ఆపరేషన్ చేయవచ్చునా? ఈ ప్రశ్నలకు సుప్రీంకోర్టు 2009 మే 14న సమాధానం చెప్పి, కోటి రూపాయల పరిహారాన్ని వడ్డీతో సహా మంజూరు చేసింది. ఆ విద్యార్థి చక్రాల కుర్చీలో కూర్చొని తన కేసును తానే వాదించుకున్నాడు. పందొమ్మిది సంవత్సరాలు పట్టింది.

సైనికుల పక్షాన ఇటీవలి తీర్పు 2023 సెప్టెంబరు 26 నాటిది. అది నరాలకు సంబంధించినది కాదు గాని, ప్రభుత్వ వైద్యం వల్ల కలిగిన హాని గురించినదే. 2002లో సరిహద్దు మోహరింపు సమయాన జమ్మూ ప్రాంతంలోని సాంబాలో అస్వస్థుడైన వైమానిక దళ ఉద్యోగికి సైనిక ఆసుపత్రిలో రక్తం ఎక్కించారు. ఆ రక్తం ద్వారా హెచ్.ఐ.వి. సోకిన సంగతి 2014లో గాని తెలియలేదు. జాతీయ వినియోగదారుల కమిషన్ అతని ఫిర్యాదును త్రోసిపుచ్చింది. సుప్రీంకోర్టు వైమానిక దళాన్ని, సైన్యాన్ని ఉమ్మడిగా బాధ్యులను చేసి 1 కోటి 54 లక్షల 73 వేల రూపాయలు చెల్లించాలన్నది. హాని పన్నెండేళ్ల తరువాత బయటపడినా వ్యాజ్యం నిలిచింది. నెమ్మదిగా వ్యక్తమయ్యే నరాల హానికి కూడా ఈ అంశం ఊతమిస్తుంది.

పరిహారం ఎప్పుడు వస్తుందో తెలియదు. ఉద్యోగం రేపు ఉండాలి. ఈ విషయంలో మాత్రం చట్టం మేలైనది. సేవలో ఉండగా వైకల్యం పొందిన ఉద్యోగిని తొలగించరాదని, హోదా తగ్గించరాదని 1995 నాటి వికలాంగుల చట్టం నిర్దేశించింది. దాని స్థానంలో వచ్చిన 2016 చట్టంలోని 20వ సెక్షను ఆ రక్షణను కొనసాగించింది. పాత పని చేయలేకపోతే అదే జీతంతో మరొక పనికి మార్చాలి. అటువంటి ఖాళీ లేకపోతే, దొరికేవరకు అదనపు పోస్టు సృష్టించి అందులో ఉంచాలి. ఈ వైకల్యం పనిలోనే కలగాలన్న నియమం లేదు. ఆపరేషన్ బల్ల మీద కలిగినా చాలు, ఎవరి తప్పన్నది చూపనక్కరలేదు. ఫిట్టరు స్టోర్సు విభాగంలో చిట్టా వ్రాసే పనికి మారవచ్చు. పది మందితో కలిసి సుత్తి పట్టినవానికి అది చిన్నతనంగా తోచడం సహజం. కాని జీతం తగ్గదు.

అతడు ముందుగా చేయవలసింది కాగితాలు సేకరించుకొనడం. రోగి గాని, అతడు అధికారమిచ్చిన వ్యక్తి గాని కోరితే వైద్య రికార్డులను 72 గంటలలో ఇవ్వాలని, ఆసుపత్రిలో చేరిన రోగుల రికార్డులను మూడేళ్లు భద్రపరచాలని 2002 నాటి వైద్య వృత్తి నియమావళి చెబుతున్నది. ఆపరేషన్‌కు ముందు రెండు పాదాలూ ఎంతవరకు కదిలేవి, తరువాత ఏ రోజున ఏది కదలడం మానింది అన్న సంగతి తేదీతో సహా కేసు షీటులో ఉండాలి. తనకు తెలియని భాషలోని సమ్మతి పత్రం మీద సంతకం చేసే ముందు, దానిని ఎవరైనా తెలుగులో చదివి వినిపించారో లేదో కూడా నమోదు కావాలి.

పదవీ విరమణ చేసినవారి స్థితి మరింత సున్నితమైనది. వైద్య పథకంలో చేరినవారికి రైల్వే ఆసుపత్రి సదుపాయం విరమణ తరువాత కూడా కొనసాగుతుంది; తుంటికీలు మార్పిడి వంటివి ఎక్కువగా ఆ వయస్సులోనే అవసరపడతాయి. వారికి ఉద్యోగ రక్షణ అక్కరకు రాదు, వేతనం లేదు గనుక కార్మిక పరిహారమూ వర్తించదు. మిగిలినది వినియోగదారుల కమిషన్ ఒక్కటే. జీవితమంతా ఖరగ్‌పూర్‌లో గడిపి, చివరకు సొంత ఊరిలో ఇల్లు వేసుకొని శ్రీకాకుళం జిల్లాకు తిరిగి వచ్చిన వృద్ధులు, ఇంత దూరం వచ్చి ఇక మిదునాపూర్ వెళ్లి ఎవరు వ్యాజ్యం నడుపుతారని నిస్పృహ చెందుతుంటారు. ఆ ప్రయాణం ఇప్పుడు అవసరం లేదు. 2020 జులై నుండి అమలులో ఉన్న 2019 చట్టం ప్రకారం, ఫిర్యాదుదారుడు తాను నివసించే జిల్లాలోని కమిషన్ ఎదుటనే ఫిర్యాదు దాఖలు చేయవచ్చును. ఆపరేషన్ ఖరగ్‌పూర్‌లో జరిగినా, విచారణ శ్రీకాకుళంలో జరుగుతుంది.